సాకెట్ పగిలిందా? హెవీ పనికి తట్టుకునే కొత్తది ఎంచుకోవడం ఎలా

లారీ వీల్ నట్లు, ట్రాక్టర్ వెనక చక్రం బోల్టులు, కమాన్ కట్టల యు-బోల్టులు, జేసీబీ బకెట్ పళ్ల బోల్టులు. ఇలాంటి పనుల్లో నట్టు మీద తొడిగి తిప్పే సాకెట్లు పోవడం మామూలేనని గ్యారేజీల్లో ఒక నమ్మకం ఉంది. పోతే ఇంకోటి తెస్తారు, అదీ పోతుంది, అప్పుడు కంపెనీని తిడతారు. చాలాసార్లు తప్పు కంపెనీది కాదు. ఆ పనికి ఆ సాకెట్ సరిపోదు, అంతే. అదే రకాన్ని మళ్లీ కొంటే అది కూడా అలాగే పోతుంది. అందుకని షాపుకి వెళ్లే ముందు చేయాల్సిన పని కొంత ఉంది.

మొదటి పని: పాత సాకెట్‌ను పాత ఇనుము డబ్బాలో వేయకండి

దాన్ని గుడ్డతో తుడిచి ఎండలోకి తీసుకెళ్లి చూడండి. ఎలా పోయిందో అదే చెబుతుంది.

నిలువునా చీలిందా? పగులు ముఖం చూడండి. పటికబెల్లం విరిచినట్టు గరుకుగా, మెరుస్తూ ఉంటే ఆ ఉక్కు పెళుసుగా ఉండి దెబ్బకు విరిగిందన్నమాట. చేతి పని కోసం చేసిన క్రోమ్ సాకెట్‌ను ఎయిర్ గన్‌కు, అంటే గాలి బలంతో నట్లు తిప్పే యంత్రానికి, పెట్టినప్పుడు ఎక్కువగా కనిపించేది ఇదే. అలా కాకుండా పగులు దగ్గర ఉక్కు సాగి, చినిగినట్టు మసక బూడిద రంగులో ఉంటే ఉక్కు మెత్తది, లేదా దాని స్థాయికి మించిన బలం పడింది. పగులు ముఖంలో కొంత భాగం నల్లగానో తుప్పు రంగులోనో ఉండి, మిగతాది తాజాగా మెరుస్తోందా? అయితే ఆ సాకెట్ పగిలింది ఈ రోజు కాదు. చిన్న చీలికతో చాలా కాలంగా పని చేస్తూ వచ్చి, ఇవాళ పూర్తిగా తెగింది. ఇలాంటిది ఒకటి దొరికితే అదే వయసున్న మిగతా సాకెట్లను కూడా అనుమానించాలి.

లోపలి మూలలు అరిగి గుండ్రంగా అయ్యాయా? మూడు కారణాలు ఉండొచ్చు: ఉక్కు మెత్తది కావడం, సైజు కాస్త పెద్దది కావడం, పన్నెండు మూలల సాకెట్‌తో మోటు పని చేయడం. సైజు సంగతి కింద వివరంగా చెబుతాను, ఎందుకంటే మన దగ్గర ఎక్కువ సాకెట్లను చంపేది అదే.

నోరు మాత్రమే విచ్చుకుందా? నట్టు మీద సాకెట్ పూర్తిగా కూర్చోకుండా తిప్పారు. బోల్టు చివర బయటికి పొడుచుకుని ఉండి, సాకెట్ అడుగుకు తగిలి ఆగిపోయి ఉంటుంది. ఇక్కడ కావలసింది ఎక్కువ గట్టి సాకెట్ కాదు, లోతైన సాకెట్.

వెనకవైపు, అంటే రాడ్ దూర్చే చదరపు కన్ను అరిగిందా? అయితే సాకెట్‌ను పక్కన పెట్టి మీ గన్ ముక్కు చూడండి. గన్ చదరం మూలలు గుండ్రమై, సాకెట్ పెడితే లూజుగా ఊగుతోందంటే ఎంత మంచి సాకెట్ తెచ్చినా కొన్నాళ్లకే దాని కన్ను పాడవుతుంది. ముందు గన్ ముక్కు మార్చాలి. చాలా గన్‌లకు ఆ భాగం విడిగా దొరుకుతుంది. చేత్తో తిప్పే రాచెట్‌కైనా, టి-రాడ్‌కైనా ఇదే వర్తిస్తుంది.

పైపూత పెచ్చులుగా లేస్తే ఆలోచించాల్సిన పని లేదు, దాన్ని తీసేయండి. క్రోమ్ పెచ్చు బ్లేడులా చెయ్యి కోస్తుంది, కంట్లో పడితే ఇంకా ఘోరం.

రెండో పని: నట్టును కొలవండి, పాత సాకెట్ మీద నంబరు నమ్మకండి

పాత సాకెట్ మీద 33 (మిల్లీమీటర్లు) అని ఉంది కాబట్టి 33 కొనడం సరి కాదు. అసలు ఆ నట్టు 32 అయి ఉండొచ్చు. 32 నట్టుకు 33 సాకెట్ సులువుగా ఎక్కుతుంది, తిరుగుతుంది కూడా. కానీ అది పలకల మీద ఒత్తదు, మూలల మీద ఒత్తుతుంది. బలం పెరిగే కొద్దీ నట్టు మూలలు, సాకెట్ మూలలు రెండూ అరుగుతాయి. చివరికి నట్టు గుండ్రమై, దాన్ని తీయడానికి ఉలి, సుత్తి పట్టాల్సి వస్తుంది. లారీ వీల్ నట్లలో ఈ రెండు సైజులూ వాడుకలో ఉన్నాయి కాబట్టి ఈ పొరపాటు ఇక్కడే ఎక్కువ.

వైరు బ్రష్‌తో నట్టు మీద తుప్పు, పెయింటు రాల్చండి. వెర్నియర్ అనే కొలత పరికరంతో ఎదురెదురు పలకల మధ్య కొలవండి, మూల నుంచి మూలకు కాదు. మూడు జతల పలకలూ కొలిచి ఎక్కువ వచ్చినది తీసుకోండి. కొత్త నట్టు కూడా పేరుకున్న సైజు కంటే కొద్దిగా తక్కువే వస్తుంది. 32 నట్టు 31.5 పైన ఎక్కడైనా ఉండొచ్చు, అది లోపం కాదు.

ఇక అంగుళాల గొడవ. పాత మాసీ ఫెర్గూసన్ ట్రాక్టర్లు, ఇంటర్నేషనల్ హార్వెస్టర్ డిజైన్ నుంచి వచ్చిన పాత మహీంద్రాలు, బ్రిటిష్ మూలాలున్న పాత లారీలు, వీటిలో అంగుళాల బోల్టులు చాలా ఉంటాయి. మధ్యలో ఎవరో రిపేరు చేసి మిల్లీమీటర్ల బోల్టు పెట్టి ఉంటే ఒకే బండిలో రెండూ కలిసిపోతాయి. కొన్ని సైజులు ఒకదానికొకటి దాదాపు సమానం, వాటితో బెంగ లేదు. ముప్పావు అంగుళం 19.05 మి.మీ., కాబట్టి 19 సాకెట్ సరిపోతుంది. అంగుళం మీద వీసం 26.99, అంటే 27. అంగుళంన్నర 38.1, అంటే 38. అంగుళంబావు 31.75, దానికి 32 పనికొస్తుంది. అసలు ప్రమాదం వీటి మధ్యలో ఉన్న సైజులతోనే. అంగుళం మీద ఒక సూతు, అంటే 28.58 మి.మీ. నట్టుకు 30 సాకెట్ పెడితే దాదాపు మిల్లీమీటరున్నర ఖాళీ. అంగుళంలో పదహారింట తొమ్మిది వంతులు 14.29, దానికి 15 పెడితే జారుతుంది. పదకొండు వంతులు 17.46, దానికి 18 కూడా అంతే. హెవీ పనిలో అర మిల్లీమీటరు తేడా చాలు, సాకెట్‌నో నట్టునో తినేయడానికి. అలాంటి నట్టుకు అంగుళాల సాకెట్ విడిగా ఒకటి కొనుక్కోవడం తప్ప వేరే దారి లేదు.

కొలిచాక అదే సైజు నట్టు ఒకటి, బాగా ఉన్నది, జేబులో వేసుకోండి. షాపులో అది కావాలి.

మూడో పని: చేతితోనా, గన్‌తోనా, తేల్చుకోండి

సాకెట్లలో రెండు జాతులున్నాయి. మెరిసే క్రోమ్ సాకెట్లు చేతి పనికి. ఇవి ఎక్కువగా క్రోమ్ వెనేడియం ఉక్కువి, గట్టిగా, పలుచని గోడతో ఉంటాయి. గోడ పలుచగా ఉండటం వల్ల ఇరుకు చోట్లలో దూరతాయి. నల్లగా, మందంగా, మెరుపు లేకుండా ఉండేవి గన్ కోసం చేసిన ఇంపాక్ట్ సాకెట్లు. ఇవి ఎక్కువగా క్రోమ్ మాలిబ్డినమ్ ఉక్కువి. గట్టిదనం కొంచెం తగ్గించి, దెబ్బను ఓర్చుకునే గుణం పెంచి తయారు చేస్తారు. గన్ తిప్పే తీరు వేరు. చెయ్యి నెమ్మదిగా ఒత్తుతుంది, గన్ లోపలున్న సుత్తి నిమిషానికి వందల సార్లు కొడుతుంది. గట్టిగా ఉండి సాగని ఉక్కు ఆ దెబ్బలకు పగుళ్లు ఇస్తుంది. నల్ల సాకెట్ ప్రతి దెబ్బకీ కంటికి కనిపించనంత వంగి మళ్లీ తన రూపానికి వస్తుంది.

కాబట్టి గన్‌కు క్రోమ్ సాకెట్ పెట్టవద్దు, 'ఈ ఒక్క నట్టుకే' అని కూడా పెట్టవద్దు. అది పగిలితే ముక్కలు ముఖం ఎత్తులోకి ఎగురుతాయి. క్రోమ్ ఎక్స్‌టెన్షన్‌కీ, క్రోమ్ అడాప్టర్‌కీ ఇదే మాట. చాలామంది సాకెట్ నల్లది కొని, మధ్యలో ఎక్స్‌టెన్షన్ మాత్రం చేతి సెట్‌లోంచి తీసి పెడతారు.

దీనికి తిరగేస్తే పర్వాలేదు. నల్ల సాకెట్‌ను రాడ్‌తో చేత్తో తిప్పినా చెడిపోదు. గోడ మందం కాబట్టి కొన్ని చోట్ల దూరదు, అంతే నష్టం. రోజూ మోటు పని ఉన్నవాళ్లు హెవీ సైజులు, అంటే 24 నుంచి పైవి, నల్లవే కొంటే చేతికీ గన్‌కీ రెంటికీ పనికొస్తాయి. నా సలహా ఇదే.

రంగు చూసి మోసపోవద్దు. నల్ల పెయింటు వేసిన మామూలు సాకెట్లు కూడా సంతలో ఉన్నాయి. అసలు నల్ల సాకెట్‌కు ఫాస్ఫేట్ లాంటి పూత ఉంటుంది, గోరుతో గీకితే పెచ్చులు రాదు. వెనక భాగంలో పిన్ను దూర్చడానికి అడ్డంగా కన్నం, రబ్బరు రింగు కూర్చోవడానికి చుట్టూ గాడి ఉంటాయి. ముప్పావు, ఒక అంగుళం సైజుల్లో ఈ రెండూ లేకపోతే అది గన్ సాకెట్ అన్న మాట నమ్మొద్దు. జర్మన్ ప్రమాణాల్లో చేతి సాకెట్లకు డిన్ 3124, గన్ సాకెట్లకు డిన్ 3129 నంబర్లు. క్యాటలాగ్‌లో ఈ నంబరు చూస్తే ఏ జాతో తేలిపోతుంది.

నాలుగో పని: డ్రైవ్ సైజు, ఇక్కడ కొంచెం లెక్క వేయండి

అరంగుళం, ముప్పావు అంగుళం, ఒక అంగుళం. వెనక చదరం కన్ను కొలత ఇది. 'అరంగుళం డ్రైవ్‌లో 32 సాకెట్ దొరుకుతుంది, చౌక కూడా' అని కొనేవాళ్లు చాలామంది. దొరకడం నిజమే. కానీ నట్టు సైజు పెద్దదైతే దానికి పడే బలమూ పెద్దదే, ఆ బలమంతా అరంగుళం చదరం గుండానే వెళ్లాలి.

లెక్క చూద్దాం. ఎనభై కిలోల మనిషి రెండడుగుల రాడ్ చివర నిలబడితే నట్టు మీద పడే టార్క్, అంటే తిప్పే బలం, సుమారు 470 న్యూటన్ మీటర్లు. నాలుగడుగుల పైపు తొడిగి దాని మీద నిలబడితే 940 దాకా వెళ్తుంది. రాచెట్లకున్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 3315లో అరంగుళం రాచెట్ తట్టుకోవాల్సిన పరీక్ష టార్క్ 512 న్యూటన్ మీటర్లు. ముప్పావుకు 1412, ఒక అంగుళానికి 2515. అంటే పైపు తొడిగి ఎక్కి నిలబడిన క్షణానే అరంగుళం సామాను తన హద్దు దాటి దాదాపు రెట్టింపుకు వెళ్లిపోయింది. అప్పుడు విరిగితే అది నాసిరకం అనడం న్యాయం కాదు.

ఇరవై రెండు మిల్లీమీటర్ల లారీ వీల్ స్టడ్ నట్టును బిగించే టార్క్ సుమారు 600 న్యూటన్ మీటర్లు, కొన్ని బళ్లకు ఇంకా ఎక్కువ. తుప్పు పట్టిన నట్టును కదిలించడానికి బిగించినదాని కంటే చాలా ఎక్కువ కావాలి. కాబట్టి వీల్ నట్లకు చేతి పనైతే కనీసం ముప్పావు, గన్ అయితే ఒక అంగుళం. కారు వీల్ నట్లకు, 19 లేక 21 సైజుకు, 100 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కలే కాబట్టి అరంగుళం హాయిగా చాలు.

చేత్తో హ్యాండిల్ తిప్పే గేర్ పానా, అదే టార్క్ మల్టిప్లయర్, వాడేవాళ్లు జాగ్రత్త. చేతికి బలం ఏమీ తెలియదు, సాకెట్‌కు మాత్రం మొత్తం పడుతుంది. దానికి ఒక అంగుళం మందపు సాకెట్లే పెట్టాలి.

అడాప్టర్ల గురించి ఒక మాట. ఒక అంగుళం గన్‌కు అడాప్టర్ వేసి ముప్పావు సాకెట్ పెడితే పెద్ద గన్ బలమంతా చిన్న చదరం మీద పడుతుంది. అత్యవసరానికి తప్ప వద్దు.

ఐదో పని: ఆకారం

ఆరు పలకల సాకెట్ తీసుకోండి. పన్నెండు మూలలవి ఇరుకు చోట్ల తక్కువ తిప్పుతో పట్టుకోవడానికి సౌకర్యమే కానీ ప్రతి మూల దగ్గరా ఒత్తే వెడల్పు తక్కువ. మోటు పనికి ఆరే. లోపలి మూలలను కొంచెం గుండ్రంగా తొలిచి, నట్టు మూల మీద కాకుండా పలక మధ్యకు దగ్గరగా ఒత్తే డిజైన్లు ఉన్నాయి. ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెడుతుంది. సగం అరిగిన నట్లకు ఇవి నిజంగా తేడా చూపిస్తాయి.

లోతు విషయంలో, బోల్టు పొడుచుకుని లేకపోతే పొట్టిదే మేలు. పొడుగు సాకెట్ పక్కకు వాలుతుంది.

ఆరో పని: ఎక్కడ, ఎలా కొనాలి

విజయవాడ ఆటోనగర్‌లోనో, సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో టూల్స్ షాపులు వరసగా ఉంటాయి. అక్కడ సాకెట్లు విడిగా అమ్ముతారు. విడిగానే కొనండి. నలభై ముక్కల బాక్స్ సెట్ చూడ్డానికి లాభంగా అనిపిస్తుంది కానీ అందులో మీకు హెవీ పనికి కావలసినవి మూడో నాలుగో. మిగతావి పెట్టెలో నిద్రపోతాయి. ఆ డబ్బుతో కావలసిన నాలుగు సైజులూ ఉత్తమ రకంలో వస్తాయి. పైగా సెట్‌లో ఒక్క సాకెట్ పోతే ఆ సైజు విడిగా ఇవ్వని కంపెనీలు ఉన్నాయి. కొనే ముందు ఈ ప్రశ్న అడగండి: 'ఈ సైజు ఒక్కటి పోతే ఒక్కటే దొరుకుతుందా?'

మన దేశంలో చేతి పనిముట్లు ఎక్కువగా జలంధర్, లూథియానా వైపు తయారవుతాయి. తపారియా, ఈస్ట్‌మన్ వంటి పేర్లు చేతి సాకెట్లలో అందరికీ తెలిసినవే. రోజంతా గన్ ఆడే చోట్ల జపాన్ కోకెన్, తైవాన్ కింగ్ టోనీ, టాప్‌టుల్, జర్మనీ గెడోర్, హాజెట్ వంటివి అడుగుతారు. ధర ఎక్కువే. వారానికి నాలుగు వీల్ నట్లు తీసే రైతుకు వీటి అవసరం లేదు, మంచి భారతీయ నల్ల సాకెట్ చాలు. టైర్ల షాపు నడిపేవాళ్లకు మాత్రం ఖరీదైనది చివరికి చవక పడుతుంది.

పేరు ఉన్నంత మాత్రాన సరిపోదు, డూప్లికేట్లు ఉన్నాయి. అక్షరాలు లోతుగా, తీరుగా చెక్కి ఉండాలి. సైజు, బ్రాండు రెండూ సాకెట్ మీదే ఉండాలి, ప్యాకెట్ మీద మాత్రమే కాదు. బిల్లు తీసుకోండి. వారంటీ ఉంటే అది తయారీ లోపానికే, పైపు తొడిగి విరగ్గొట్టినదానికి కాదు. చేతి సాకెట్‌ను గన్‌కు వాడినా అది వర్తించదు.

పాత సామాను బజారులో పాత జర్మన్ సాకెట్లు అప్పుడప్పుడు కనిపిస్తాయి. చేతి పనికైతే కొనొచ్చు, పగుళ్లు చూసుకుని. గన్ కోసం సెకండ్‌హ్యాండ్ వద్దు. అది ఇప్పటికే ఎన్ని దెబ్బలు తిందో బయటికి కనపడదు.

ఏడో పని: షాపు కౌంటర్ దగ్గర

జేబులోని నట్టు తీసి సాకెట్‌లో పెట్టండి. తేలిగ్గా దిగాలి, కానీ అటూ ఇటూ తిప్పితే ఆట చాలా తక్కువ ఉండాలి. నట్టు ఎత్తంతా లోపలికి పోవాలి. పైన రెండు మూడు మిల్లీమీటర్లు బయట మిగిలితే ఆ సాకెట్ లోతు మీ పనికి చాలదు.

తర్వాత నోటి అంచు చూడండి. గోడ మందం చుట్టూ ఒకేలా ఉండాలి. వెర్నియర్ ఉంటే నాలుగు చోట్ల కొలవండి. ఒకవైపు మందం, ఒకవైపు పలుచన ఉంటే కన్నం మధ్యలో లేదన్నమాట, పలుచని వైపే ముందు చీలుతుంది. ఇదొక్కటి చూస్తే చాలా నాసిరకం సాకెట్లు అక్కడికక్కడే తేలిపోతాయి. ఒకే సైజు సాకెట్లు నాలుగు బయటికి తీయమని అడగడానికి మొహమాటపడకండి. కొందరు షాపువాళ్లు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి.

మీ రాడ్‌నో గన్ ముక్కునో వెంట తీసుకెళ్తే చదరం కన్ను కూడా అక్కడే చూసుకోవచ్చు. రాడ్ బంతి టక్కుమని కూర్చోవాలి, ఊపితే ఊగకూడదు. చదరం లోపలి మూలల్లో గీతలు, కోతలు ఉంటే వద్దు, పగుళ్లు అక్కడి నుంచే మొదలవుతాయి.

ఆకురాయి పరీక్ష ఒకటుంది. మెత్తని ఇనుము మీద ఆకురాయి తేలిగ్గా పొడి రాలుస్తుంది, వేడి చేసి గట్టిపరిచిన సాకెట్ మీద జారుతూ కష్టంగా గీకుతుంది. కొనని సరుకు మీద ఏ షాపతనూ దీనికి ఒప్పుకోడు. కాబట్టి మొదట ఒక్కటి కొని ఇంటి దగ్గర వెనక అంచున గీసి చూడండి, నచ్చితే మిగతావి కొనండి.

ఎనిమిదో పని: మొదటి నట్టు

కొత్త సాకెట్‌ను మొదటిరోజే అత్యంత మొండి నట్టు మీద ప్రయోగించకండి. ముందు నట్టుకు తుప్పులోకి ఇంకే పెనెట్రేటింగ్ ఆయిల్ కొట్టి వీలైతే రాత్రంతా వదిలేయండి. మర ఎటువైపో కూడా చూడండి. కొన్ని పాత లారీల్లో ఎడమవైపు చక్రాలకు ఎడమ మర ఉంటుంది, స్టడ్ చివర 'ఎల్' అక్షరం కొట్టి ఉంటుంది. అది గమనించకుండా విప్పుతున్నామనుకుని బిగిస్తూ పోతే సాకెట్‌కో స్టడ్‌కో ఆఖరు.

గన్ వాడితే ముప్పావు, ఒక అంగుళం సైజుల్లో పిన్ను, రబ్బరు రింగు రెండూ పెట్టాలి. బైండింగ్ వైరు చుట్టి కట్టడం చాలా చోట్ల అలవాటు. వైరు తెగి ఎగిరితే ముఖానికి తగులుతుంది. రింగు చాలా చవక, ఒక డజను తెచ్చి పెట్టుకోండి.

గాలి కూడా చూసుకోండి. చాలా గన్‌లకు పని చేస్తున్నప్పుడు 90 పీఎస్‌ఐ, అంటే 6.2 బార్, ఒత్తిడి అందాలి. సన్నని పొడుగు పైపు గుండా గాలి వస్తే గన్ బలం తగ్గి, ఒక్కో నట్టు మీద చాలాసేపు టకటకలాడుతుంది. అంతసేపూ సాకెట్ దెబ్బలు తింటూనే ఉంటుంది. అయిదారు సెకన్లలో నట్టు కదలకపోతే గన్ ఆపి మళ్లీ ఆయిల్ కొట్టండి.

మంట పెట్టాలనిపిస్తుంది, తుప్పు నట్లకు అది పని చేస్తుంది కూడా. కానీ టైరు ఎక్కి ఉన్న చక్రం నట్టుకు గ్యాస్ మంట ఎప్పుడూ పెట్టకండి. రిమ్ వేడెక్కితే లోపల టైరు రబ్బరు కాలి వాయువులు పుట్టి టైరు పేలుతుంది. గాలి తీసేసినా ఆ ప్రమాదం పోదు. ఇలాంటి ప్రమాదాల్లో ప్రాణాలు పోయాయి. నట్టు ఇక కదలదనిపిస్తే నట్టును చీల్చే నట్ స్ప్లిటర్ ఉంది, లేదా కోసేయండి. నట్టు, స్టడ్ డబ్బు పెడితే కొత్తవి వస్తాయి.

బిగించేటప్పుడు గన్‌తో ఆఖరు దాకా వెళ్లకండి. గన్‌తో కూర్చోబెట్టి, చివరి బిగింపు ఎంత బలం పడుతోందో చూపే టార్క్ రెంచ్‌తో, ఎదురెదురు నట్ల వరసలో చేయండి. ఎంత టార్క్ అన్నది మీ బండి మాన్యువల్‌లో ఉంటుంది. లారీ చక్రం మార్చాక 50 నుంచి 100 కిలోమీటర్లు నడిచిన తర్వాత మళ్లీ ఒకసారి చూడాలి. టార్క్ రెంచ్‌తో విప్పవద్దు, దాని లెక్క తప్పుతుంది.

కంటి అద్దాలు పెట్టుకోండి. ఇది అందరికీ తెలుసు, ఎవరూ పెట్టుకోరు.

తొమ్మిదో పని: నెలకోసారి కిరసనాయిలు, సుద్ద

గన్‌కు వాడే సాకెట్లను నెలకోసారి ఇలా చూడండి. బాగా కడిగి ఆరబెట్టి, కిరసనాయిల్లోనో డీజిల్లోనో రాత్రంతా నానబెట్టండి. పొద్దున తీసి గుడ్డతో పొడిగా తుడిచి, సుద్దముక్కను పొడి చేసి పైనా లోపలా పట్టించి ఒక అరగంట వదిలేయండి. చీలిక ఉంటే అందులో దాక్కున్న నూనె బయటికి ఊరి తెల్లని సుద్ద మీద సన్నని చారలా కనిపిస్తుంది. ముఖ్యంగా చదరం కన్ను మూలలు, పిన్ను కన్నం చుట్టూ, నోటి అంచు చూడాలి. పాత పద్ధతే, ఖర్చు దాదాపు సున్నా.

చార కనిపిస్తే ఆ సాకెట్ పని అయిపోయినట్టే. వెల్డింగ్ చేయించకండి. వెల్డింగ్ వేడికి ఆ చుట్టుపక్కల ఉక్కుకు చేసిన గట్టిదనం పోతుంది, పక్కనే కొత్త పెళుసు చోటు పుడుతుంది. ఎవరూ పొరపాటున తీసి వాడకుండా కట్టర్‌తో ఒక గాటు పెట్టి స్క్రాప్‌లో పడేయండి.

ఇరుకు చోట దూరడానికి సాకెట్ బయటి గోడను గ్రైండర్‌తో అరగదీసే అలవాటు కొందరికి ఉంది. ఉక్కు నీలం రంగుకు తిరిగిందంటే ఆ చోట మెత్తబడింది. అంత అవసరమైతే పలుచని గోడ సాకెట్ విడిగా కొనుక్కోవాలి, దాన్ని చేత్తో మాత్రమే వాడాలి.

నల్ల సాకెట్లకు క్రోమ్ రక్షణ లేదు కాబట్టి తుప్పు త్వరగా పడుతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఉన్న ఊళ్లలో అయితే మరీను. పని అయ్యాక తుడిచి పల్చగా నూనె రాసి పెట్టండి. చదరం కన్నులో మాత్రం గ్రీజు నింపొద్దు, ఇసుక అంటుకుని అరగదీస్తుంది.

ఒక్కో సైజుకు ఒక్కో రంగు పెయింటు పట్టీ వేస్తే 32, 33 కలిసిపోవు. వెనక అంచున వేయండి, నోటి దగ్గర వేస్తే నిలవదు. చేతి సాకెట్లు ఒక పెట్టెలో, గన్ సాకెట్లు ఇంకో పెట్టెలో పెట్టి, గన్ పక్కన గన్ పెట్టె మాత్రమే ఉంచండి. హెల్పర్ కుర్రాడు హడావుడిలో చేతికందినది తీసినా అది నల్లదే అవుతుంది.